అద్దాలు కడిగే నీళ్లబండి: చేశాక తెలిసొచ్చిన సంగతులు

మా తాడిమర్రి వైపు నీళ్లబండి కొత్త వస్తువు కాదు. తోపుడు బండి మీద ప్లాస్టిక్ బిందెలు వరసగా పేర్చుకొని బోరు దగ్గరికి పోయే ఆడవాళ్లను చూస్తూనే నాకు ఈ వయసొచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. చిత్రావతి మా పక్కనే పోతుంది, పార్నపల్లె దగ్గర 10 టీఎంసీల జలాశయం ఉంది. అయినా ఇంట్లో బిందె నిండాలంటే ఎవరో ఒకరు బండి తోయక తప్పని రోజులే నేను ఎక్కువ చూశాను. కాబట్టి నీళ్లను చక్రాల మీదికి ఎక్కించడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండో అంతస్తు అద్దం మీదికి ఎక్కించడమే కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

నలభై ఏళ్లు నేను మోటార్లూ, చేలల్లో మందు కొట్టే స్ప్రేయర్లూ బాగుచేసి బతికాను. మా మేనల్లుడు బెంగళూరులో ఆరేళ్లు ఆఫీసు భవనాల అద్దాలు తుడిచాడు. వాడితో పనిచేసే పిల్లోడొకడు నిచ్చెన జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు ఆసుపత్రి గడప దాకా తీసుకుపోయాడట, ఆ తర్వాత ఫోను ఎత్తలేదట. మావాడు మూటాముల్లె సర్దుకొని ఇంటికొచ్చేశాడు. వచ్చిన వారానికి నా దగ్గర కూర్చొని, "మామా, కింద నిలబడే, పొడుగు కర్ర కొసన బ్రష్షుకు నీళ్లెక్కించి పైఅద్దాలు కడిగే బండ్లుంటాయి. బయటి దేశాల నుంచి తెప్పించాలంటే మనవల్ల కాదు. నీ చేతుల్లో పంపు పనుంది కదా, మనం చేసుకోలేమా?" అన్నాడు. వాడు అడిగింది బండి. నాకు మాత్రం ఆ పిల్లోడి నడుమే కళ్లముందు మెదిలింది. సరే అన్నాను. ఇప్పటికి నాలుగు బండ్లు చేశాం. చేసుకోవాలనుకునే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

1. బండి సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి చూడండి.

మొదటి బండికి ఫ్రేము, చక్రాలు, పంపు అన్నీ కుదిరాక మా ఇంటి బోరు నీళ్లు నింపి, మా వీధివైపు కిటికీ అద్దమే కడిగాం. తడిగా ఉన్నంతసేపు అద్దం ఉందో లేదో తెలియలేదు. ఆరాక చూస్తే నిండా తెల్లటి చుక్కలు. కడగకముందే నయం.

ఆ సాయంత్రం పగిలిన కిటికీ అద్దం ముక్కొకటి నల్లగుడ్డ మీద పరిచి, నాలుగు చోట్ల నాలుగు రకాల నీళ్లు ఒక్కో చుక్క వేశాం. బోరు నీళ్లు, ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాను నీళ్లు, మేడ మీద పట్టిపెట్టిన వాన నీళ్లు, ఏసీ గొట్టంలోంచి కారిన నీళ్లు. రాత్రికి అన్నీ ఆరాయి. టార్చిలైటు ఏటవాలుగా కొట్టి చూశాం. బోరు చుక్క ఆరినచోట సున్నంతో గీసినట్టు గుండ్రటి గీత, దాని నడుమ పలచటి తెల్లపొర. గోటితో గీకితే పొడిగా లేచింది. క్యాను నీళ్ల చోట ఊదితే పట్టిన ఆవిరంత మసక. వాన చుక్క ఎక్కడ వేశామో వెతుక్కోవాల్సి వచ్చింది. ఏసీ నీళ్ల చోటైతే దొరకనే లేదు.

సంగతేమంటే, నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలో కరిగిన సున్నమూ ఉప్పులూ పోవు, అద్దం మీదే నిలుస్తాయి. ఎంత కరిగి ఉన్నాయో లీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పే టీడీఎస్ మీటరు పెన్నంత ఉంటుంది, 250 రూపాయలకు దొరుకుతుంది. మా బోరు నీళ్లలో ముంచితే 1,100 దాటింది. తాగే నీళ్లకు 500 దాకా మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా సరేననీ మన దేశపు ప్రమాణం. అద్దానికి అవి చాలవు. 10 లోపు ఉంటేనే గుడ్డ పెట్టకుండా వదిలేసినా మచ్చ పడదు. ఈ మీటరు కొనకుండా ఇనుము కొనడానికి పోవద్దు.

2. మంచినీళ్లు మీ చుట్టుపక్కలే ఉంటాయి, పట్టుకోవడమే పని.

మా వైపు బోర్లలో సున్నమే కాదు, ఫ్లోరైడూ ఉంది. ఆ బాధ చూసే పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1990ల నడుమ ఏడువందలకు పైగా ఊళ్లకు మంచినీళ్ల పైపులు వేసింది. ఆ కొళాయి కోసం ఎన్ని ఊళ్లు ఎదురుచూశాయో కళ్లారా చూసినవాణ్ణి. కాబట్టి తాగే నీళ్లు తెచ్చి అద్దాల మీద పోయడం నాకు మనసొప్పదు. మొదటి రోజే మేనల్లుడికి గట్టిగా చెప్పాను.

ఏసీ నీళ్లు ఊరికే నేలపాలవుతాయి. షాపు వెనక గొట్టం కింద క్యాను పెడితే చాలు. ఏసీ లోపలి రేకుల మీది దుమ్ము కూడా కలిసి వస్తుంది, కాబట్టి మడతపెట్టిన పంచె గుడ్డలో వడకట్టాలి. ఒక చిక్కుంది. ఏసీ నీళ్లంటే గాల్లోని తేమే కదా, మన నడివేసవి గాల్లో తేమే ఉండదు. ఎండలు మండే రోజుల్లో తక్కువ కారతాయి, వానాకాలంలో ఎక్కువ కారతాయి. ఏసీ ఎక్కువసేపు ఆడేది వేసవిలోనే కదా, నీళ్లకు కొదవేముందిలే అని నేను మొదట పొరపడ్డాను.

వాన లెక్క సులువు. 10 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 100 లీటర్లు. కొంత చెదిరిపోయినా 80 లీటర్లు చేతికొస్తాయి. మొదటి పది నిమిషాల నీళ్లు వదిలేయండి, కప్పు మీది దుమ్మంతా వాటిలోనే దిగుతుంది.

ఈ రెండూ చాలనప్పుడు ఆర్వో పెట్టుకోవాలి. ఇంటి ఆర్వో మెంబ్రేను కరిగిన ఉప్పుల్లో నూటికి 90 నుంచి 95 పాళ్లు ఆపుతుంది. 1,100 ఉన్న నీళ్లు 60, 70కి దిగుతాయి. ఆ మిగిలింది కూడా తీసేయాలంటే రెజిన్ గుళికలు నింపిన గొట్టంలోంచి పంపాలి. బోరు నీళ్లను నేరుగా రెజిన్‌లోకి వదిలితే ఎంతో ఖరీదు పెట్టి కొన్న గుళికలు కొద్దిరోజుల్లోనే పనికిరాకుండా పోతాయి. ముందు ఆర్వో, తర్వాత రెజిన్ అయితే అవే గుళికలు పదిపదిహేను రెట్లు ఎక్కువ నీళ్లకు సరిపోతాయి. ఆర్వో పక్కకు వదిలేసే నీళ్లు ఒక డ్రమ్ములో పట్టండి. బండి కడుక్కోవడానికీ, మెట్లు కడగడానికీ, మరుగుదొడ్డికీ వాడుకోండి. ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు కాలవలోకి పారబోసేవాడు మా వైపు ఈ పని చేయకపోవడమే మేలు.

3. లీటరంటే కిలో. ఈ మాట తోసేవాడి చేతులకు తెలుసు.

50 లీటర్ల డ్రమ్ము ఒకటి పెడితే చూడటానికి బాగుంటుంది. సగం ఖాళీ అయ్యాక లోపల నీళ్లు ఊగుతాయి, మెట్టు దగ్గర బండిని పక్కకు లాగేస్తాయి. 20 లీటర్ల క్యాన్లు రెండు పెట్టండి. ముందు ఒకటి ఖాళీ చేసి తర్వాత రెండోది. మెట్లెక్కాల్సి వస్తే క్యాన్లు దించి విడిగా మోయొచ్చు. బరువంతా ఇరుసుకు దగ్గరగా, నేలకు జానెడెత్తులో ఉండాలి. బ్యాటరీని పైన పెట్టొద్దు, పక్కన పెట్టండి, కారిన నీళ్లు దాని మీద పడకూడదు. తెల్ల క్యాను ఎండలో ఉంటే నాలుగు రోజుల్లో పాచి పడుతుంది. దానికి నల్లరంగు పూస్తే చాలు, గోనె చుట్టినా సరే.

4. చక్రం దారిని బట్టి ఉండాలి.

షోరూము ముందు టైల్స్ మీద చిన్న గట్టి చక్రాలు బాగా తిరుగుతాయి. మా వీధుల్లో తిరగవు, గుంటలో పడి ఆగిపోతాయి. అందుకని మొదటి బండికి గాలి టైర్లు వేశాను. మూడో రోజే రెండు చక్రాలూ కూర్చున్నాయి. సర్కారు తుమ్మముల్లు. మా పల్లెల దారుల పొడుగునా అదే కంప. ట్యూబు తీసేసి, పాత ట్యూబులు సన్నటి పట్టీలుగా కోసి టైరు లోపల కూరి కూరి నింపాను. కొంచెం బరువెక్కింది గానీ ఇప్పటికి పంచరు మాటే లేదు. చిన్నపిల్లల సైకిలు చక్రాలు 16 అంగుళాలవి గుజిరీలో దొరుకుతాయి. బేరింగు పాడైనదైనా పరవాలేదు, మార్చుకోవచ్చు. రిమ్ము వంకరపోయింది మాత్రం తీసుకోవద్దు.

5. పంపు స్ప్రేయరుదే, కానీ మందు తగిలినది కాదు.

ఇది నా పని కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను.

వీపుకు తగిలించుకొని మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరులో 12 వోల్టుల చిన్న పంపు ఉంటుంది. లోపల రబ్బరు పొర కొట్టుకుంటూ నీళ్లు తోస్తుంది. అద్దాల బండ్లలో బయటి దేశాలవాళ్లు వాడేదీ ఇదే జాతి పంపు. 650 రూపాయలకు ధర్మవరంలో కొత్తది కొన్నాను. వేరుశనక్కాయ చేలల్లో వాడిన పాత స్ప్రేయర్లు మా ఇంట్లోనే నాలుగున్నాయి, వాటిలోంచి పీకి పెడదామని మేనల్లుడు అన్నాడు. వద్దన్నాను. ఎన్ని సార్లు కడిగినా రబ్బరులో మందు దాగి ఉంటుంది. కర్ర పైకెత్తి కడిగేటప్పుడు నీళ్లు మోచేతి మీదుగా చంకలోకి, మొహం మీదికి కారతాయి. రోజంతా అదే తడి. మందు పంపుల దగ్గర పని చేసి చేతులు పగిలి, కళ్లు మండి బాధపడ్డవాణ్ణి నేను. 650 రూపాయల కోసం పిల్లాడి ఒంటి మీదికి దాన్ని కారనిస్తానా?

ఎత్తు చూసి భయపడొద్దు. 10 మీటర్ల ఎత్తుకు నీళ్లెక్కాలంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి చాలు. రెండో అంతస్తు కిటికీ 7 మీటర్లుంటే ముప్పాతిక కిలో కూడా పట్టదు. మిగతా ఒత్తిడంతా సన్నపైపులో రాపిడికి పోతుంది. ఈ పంపు అంతకు మించే ఇస్తుంది. మనకు కావాల్సింది జోరు కాదు. నిమిషానికి లీటరున్నర వస్తే బ్రష్షుకు సరిపోతుంది. జోరుగా కొడితే నీళ్లు అద్దం మీద పడి ఎగిరిపోతాయి, మురికి అక్కడే ఉంటుంది. అందుకే వేగం తగ్గించే నాబు ఒకటి తప్పక పెట్టండి, రెండు మోటార్ల స్ప్రేయర్లకు వచ్చేదే.

బ్యాటరీ 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లు. పంపు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. లెడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి గంటన్నర నడుస్తుందనుకోండి. 40 లీటర్లు ఆగకుండా వదిలితే అరగంటలో అయిపోతాయి, అంటే మూడు సార్లు నింపుకునేదాకా కరెంటుంటుంది. ఎర్రతీగ మీద, బ్యాటరీకి దగ్గరగా, ఏడున్నర ఆంపియర్ల ఫ్యూజు వేయండి. తడి బండి మీద ఫ్యూజు లేకుండా బ్యాటరీ పెట్టడం తప్పు.

పంపు టకటకమని కొట్టుకుంటూ నీళ్లు రాకపోతే నూటికి తొంభై సార్లు పంపు చెడిపోలేదు. క్యానులోంచి పీల్చే గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది. మూతికి టెఫ్లాన్ టేపు చుట్టి, క్లిప్పు బిగించండి. పీల్చే కొసకు సన్నజాలీ పెట్టండి, ఇసుక రేణువొకటి కవాటంలో ఇరుక్కుంటే పని ఆగిపోతుంది. పని అయ్యాక లోపలి నీళ్లు పూర్తిగా పోయేదాకా ఒక నిమిషం ఉత్తపంపు ఆడించి ఆపండి. బ్రష్షు రంధ్రాలు సున్నం పట్టి మూసుకుపోతే, రాత్రి నిమ్మ ఉప్పు నీళ్లలో నానేసి పొద్దున ఊదితే తెరుచుకుంటాయి.

6. క్లిప్పు లేని పైపు పైపు కాదు.

మొదటిసారి డబ్బులకు కడిగింది ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి. ముందంతా అద్దం, అద్దం వెనక పెళ్లిచీరలు. పంపు దగ్గర పైపు బిగుతుగానే ఉంది కదా అని క్లిప్పు వేయలేదు. పైపుకు పెట్టిన కొళాయి కట్టేసిన క్షణం ఒత్తిడి పెరిగి పైపు ఊడిపడింది. తెరిచి ఉన్న తలుపులోంచి నీళ్లు లోపలి గచ్చు మీద పడ్డాయి. పరుపు మీద విప్పి ఉన్న చీరను అక్కడి అమ్మాయి ఒక్క గుంజుతో లాగేసింది కాబట్టి బతికిపోయాం. నేత నేసేవాడికి రోజులకు రోజులు పట్టిన చీర అది. నా చేతిలో 15 రూపాయల క్లిప్పు లేకపోవడం వల్ల పాడైపోయేది. యజమాని ఒక్క మాట అనలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి అతుకుకూ క్లిప్పు, బయలుదేరే ముందు ఇంటి దగ్గర కొళాయి కట్టి రెండు నిమిషాలు పంపు ఆడించి చూడటం. అంగడి తలుపు మూయించకుండా పని మొదలుపెట్టం.

7. కర్ర ఎత్తే ముందు తీగ చూడండి.

ఇంగ్లండులో 2005లో ఎత్తుల మీద పనికి కొత్త నిబంధనలొచ్చాక చాలామంది నిచ్చెనలు వదిలి, నీళ్లు పారే పొడుగు కర్రకు మారారు. మనవాళ్లు నిబంధనల కోసం ఆగనక్కర్లేదు. కానీ కర్రతోనూ ఒక ప్రాణగండం ఉంది. మన వీధుల్లో 11 కేవీ తీగ మేడల పక్కనే పోతుంది. అల్యూమినియం కర్ర ఆ దగ్గరికి పోతే తగలకుండానే ప్రాణం తీయగలదు. ఎండు వెదురు నయమే గానీ తడిసిన వెదురును నమ్మకూడదు. ఫైబరు కర్రలోనూ నీళ్లు నిండిన పైపు ఉంటుంది. కర్ర పూర్తిగా చాచినా తీగకు 3 మీటర్ల దూరం మిగలాలి. మిగలకపోతే ఆ వైపు అద్దం కడగం అని చెప్పేయండి. బేరం పోతుంది, పోనీయండి.

ఇక కర్ర కొసన ఉండే బ్రష్షు నేను డ్రిప్పు సామానుతో చేశాను. మన దగ్గర ప్రతి చీనీ తోటలోనూ ఉండే సన్నటి మైక్రో ట్యూబును మెత్తటి కుచ్చు బ్రష్షుకు రెండు రంధ్రాలు చేసి దూర్చాను. రెండు ధారలు అద్దం మీద పడతాయి. అతుకులన్నీ డ్రిప్పు అంగట్లోనే దొరికాయి.

8. మా దుమ్మును ఎండుగా రుద్దొద్దు.

ఆషాఢం గాలి మొదలైతే రామగిరి గుట్టల మీద గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి. ఆ గాలి తెచ్చే ఎర్రదుమ్ములో ఇసుక ఉంటుంది. ఎండుగుడ్డతో రుద్దితే అద్దం మీద సన్నటి గీతలు పడతాయి, అవి ఇక పోవు. ముందు తడపాలి, దుమ్ము నాని జారనివ్వాలి, తర్వాత బ్రష్షు. పైనుంచి కిందికి, ముందు ఫ్రేము, తర్వాత అద్దం, చివర బ్రష్షు అద్దానికి తగలకుండా ధార ఒక్కటే. పొద్దున 9 లోపలో, సాయంత్రం నీడ పడ్డాకో. కాలిన అద్దం మీద ఎంత మంచినీళ్లు పోసినా, కరిగిన మురికి కిందికి జారకముందే ఆరిపోతుంది. లోపలివైపు బండి పని లేదు, తడిబట్ట, రబ్బరు వైపరు చాలు.

9. లెక్క రాసి పెట్టుకోండి.

మూడో బండికి అయిన ఖర్చిది. చక్రాలు, ఇరుసు 400. అంగుళం స్క్వేర్ పైపు, వెల్డింగ్ కడ్డీలు 700. పంపు 650, బ్యాటరీ 950, ఛార్జరు 250. 8 మిల్లీమీటర్ల పైపు 30 మీటర్లు 750. స్విచ్చి, నాబు, ఫ్యూజు, తీగలు 150. బ్రష్షు, డ్రిప్పు ముక్కలు 350. కొళాయి, జాలీ, క్లిప్పులు 200. కర్ర 900. టీడీఎస్ మీటరు 250. మొత్తం 5,550. ఆర్వో, రెజిన్ వేరు. క్యాన్లు ఇంట్లోవే. నా కూలీ వేయలేదు. మీరు వేసుకోండి, కూలీ లేకుండా చెప్పిన ధర చూసి తర్వాత చేసేవాడు నష్టపోతాడు.

10. అద్దమంటే కిటికీ ఒక్కటే కాదు.

నంబులపూలకుంట సోలార్ పార్కు 2016 నుంచి కరెంటిస్తోంది. ఇప్పుడు ధర్మవరం, కదిరి ఇళ్ల కప్పుల మీదా పలకలు కనిపిస్తున్నాయి. దుమ్ము పట్టిన పలక కరెంటు తక్కువిస్తుందని అందరికీ తెలుసు, బోరు నీళ్లతో కడిగితే సున్నం పొర పడుతుందని తెలిసినవాళ్లు తక్కువ. ఈ బండికి రెండో బతుకు అక్కడే ఉంది. వేకువనే కడగాలి, మిట్టమధ్యాహ్నం కాలిన పలక మీద చల్లనీళ్లు పడితే అద్దం చిట్లే ప్రమాదముంది. సబ్బు వద్దు. పలకల మీద కాలు పెట్టొద్దు. కప్పు అంచున నిలబడి కడగొద్దు, కర్ర ఉన్నదే అందుకు.

11. తోసేవాళ్లను అడిగి పిడి పెట్టండి.

నాలుగో బండి ధర్మవరంలో ఒక అమ్మ కోసం చేశాను. లాడ్జీల్లో గదులు ఊడ్చే పని చేసేది, ఇప్పుడు కిటికీల పని కూడా పట్టింది. నా ఎత్తుకు పెట్టిన పిడి ఆమె భుజాల దాకా వచ్చింది. నాలుగంగుళాలు కోసి మళ్లీ అతికాను. క్యాను ఎత్తి పెట్టలేకపోతున్నానంటే 20 లీటర్లవి తీసి 10 లీటర్లవి నాలుగు పెట్టాను. నెల తర్వాత మళ్లీ బండి తోసుకుంటూ వచ్చింది. ఏం చెడిపోయిందమ్మా అన్నాను. "ఏం చెడలేదన్నా. మా వీధి కొళాయి రెండు రోజులకోసారి వస్తుంది. క్యాన్లు తీసేసి దీని మీదే ఇంటికి బిందెలు తెచ్చుకుంటున్నా. నాలుగు బిందెలు పడతాయి గానీ పక్కకు జారుతున్నాయి. చుట్టూ ఒక పట్టీ కొడతావా?"

ఆమె తెచ్చిన బిందె బండి మీద పెట్టి, నడుము చుట్టూ కొలత తీసుకొని, మిగిలిన స్క్వేర్ పైపు ముక్కతో పట్టీ వెల్డింగ్ చేశాను. బిందె కొట్టుకోకుండా లోపలివైపు ట్యూబు ముక్కలు చుట్టాను.